కిరాయి గంటల కాలం

మంట కాడికి జరుగుండ్రి పిలగాండ్లు, చెప్త. కార్ల రేడియో మీట నొక్కితె ఇప్పుడు ఎన్ని స్పానిష్ స్టేషన్లు పల్కుతయి! టెక్సాస్‌ల ఇదే సాన్ ఆంటోనియోల ఒకప్పుడు ఆ భాషకు సొంత స్టేషను ఒక్కటి లేకుండె. నేనీ ఊరికొచ్చిన కొత్తల పక్కింటి మెక్సికో ముసలాయన చెప్పిండు, తర్వాత నేను చదివి కలుపుకున్నది గూడ ఉన్నది ఇండ్ల.

1920, 30లల స్టేషన్లన్నీ తెల్లోళ్లయే. ఇంగ్లీషోళ్లు పండుకున్న జాముల, అంటె తెల్లారగట్ల, మైకును కిరాయికిచ్చేటోళ్లు. కిరాయి కట్టినోడే పాటలోళ్లను తెచ్చుకోవాలె, ప్రకటనలు గూడ వాడే అమ్ముకోవాలె. లాస్ ఏంజిలిస్‌ల పెడ్రో గొంజాలెజ్ అని ఒకాయన, ఎన్కట మెక్సికో తిరుగుబాటు నాయకుడు పాంచో విల్లా ఫౌజుల తంతి కొట్టినోడు, గట్లనే పొద్దుగాల నాలుగింటికి పాడేది. పనికి పొయ్యే కూలోళ్లు వినేది. గప్పుడు మెక్సికోవాళ్లను రైళ్లెక్కించి సరిహద్దు దాటిస్తున్నరు. అది తప్పని మైకుల అన్నడు. 1934ల ఒక ఆడపిల్ల కేసు పెట్టి సాన్ క్వెంటిన్ జైలుకు తోలిన్రు. అబద్ధం చెప్పిన్నని ఆ పిల్ల తర్వాత ఒప్పుకున్నా ఆయన 1940 దాక బయటికి రాలే, వచ్చినంక దేశం దాటించిన్రు. కిరాయిదారు గొంతుకు గంతే బలం.

ఇగ సొంత స్టేషను పెట్టిన మనోడు రౌల్ కోర్టెజ్. 1905ల మెక్సికోల, వెరాక్రూజ్ రాష్ట్రం హలాపాల పుట్టిండు. ఈ ఊర్ల లా ప్రెన్సా అనే స్పానిష్ పేపరుకు విలేకరి, పెర్ల్ బీరు కంపెనీకి అమ్మకాల మనిషి. తర్వాత కె.మ్యాక్ స్టేషన్ల గంటలు కిరాయికి దీసి పాటలు, హాస్యం కలిపి ప్రోగ్రాం నడిపిండు. ప్రకటనలు తనే తిరిగి తెచ్చుకునేటోడు. నన్నడిగితె ఆయన అసలు చదువు అదే: ఏ దుకాణపోడు పైసలిస్తడు, ఏ ఇంట్ల రేడియో ఉన్నది, అన్నీ కాళ్లతోనే తెలుసుకున్నడు.

1944ల సొంత స్టేషనుకు అర్జీ పెట్టిండు. యుద్ధం నడుస్తున్నది, కొత్త స్టేషన్ల మీద కట్టడి. ఏం రాసిండో తెల్సా? స్పానిష్ మాట్లాడే జనాన్ని యుద్ధం పనికి కూడగడ్త అని. అబద్ధమేం గాదు, మెక్సికన్ ఇండ్ల పిలగాండ్లు వేలకు వేలు ఫౌజుల ఉన్నరు. కానీ ఏ మాటకు సర్కారు తలుపు తెరుస్తదో ఎరిగినోడు. తీరా మైకు పల్కింది 1946ల, అప్పటికి యుద్ధమే అయిపొయ్యింది! కె.సి.ఓ.ఆర్. దాని పేరు, అండ్ల ఆఖరి మూడక్షరాలు ఆయన ఇంటిపేరుల మొదటియే. అమెరికాల మెక్సికన్ మూలాలోడు సొంతంగ నడిపిన మొదటి పూర్తికాల స్పానిష్ స్టేషను గదే.

ఆయన ఉత్త యాపారే గాడు. 1948, 49ల లులాక్ అనే మెక్సికన్ అమెరికన్ల సంఘానికి అధ్యక్షుడు. టెక్సాస్ బళ్లల మెక్సికన్ పిల్లలను యేరుగ కూసోవెట్టుడు చెల్లదని 1948ల డెల్గాడో కేసుల కోర్టు చెప్పింది. ఆ కొట్లాటల సంఘం ముందటుండె.

ఇగ 1955ల టీవీ పెట్టిండు, చానెల్ 41. అమెరికా ప్రధాన భూభాగంల మొదటి స్పానిష్ టీవీ. గీడ దెబ్బ తిన్నడు. ఆ చానెల్ యు.హెచ్.ఎఫ్. అలల మీద వచ్చేది, మామూలు టీవీలకు అందదు, విడిగ కన్వర్టర్ డబ్బా కొనాలె. ఆ డబ్బా కొని చూసిన ఇండ్లున్నయి గూడ. అయినా ప్రకటనలిచ్చే పెద్ద కంపెనీలు నమ్మలే. ఎంతమంది చూస్తున్నరో లెక్కగట్టేటోళ్లు స్పానిష్ ఇండ్లను సరిగ లెక్కవెట్టకపాయిరి, మీ జనం కాయితం మీద లేరు పొమ్మనిరి. గల్లీల తిరిగి ఎరికైన మనిషికి గీ మాట ఎట్లుంటది చెప్పుండ్రి!

1961ల ఆ టీవీని అమ్మిండు. కొన్న జట్టుల అల్లుడు ఎమీలియో నికొలాస్ ఉన్నడు, మెక్సికో టీవీ పెద్ద అజ్కారగా ఉన్నడు. మరుసటేడు నెట్‌వర్కు మొదలైంది, దాని వారసత్వమే మీరిప్పుడు చూసే యూనివిజన్. కోర్టెజ్ 1971ల పొయ్యిండు. ఆ టీవీని ఎదిగించింది అల్లుడే అంటరు కొందరు. అల్లుడు పనిమంతుడే, కాదన. కానీ నమ్మెటోడు లేనప్పుడు ఆరేండ్లు నష్టం మోసింది మామ.