ఉగ్గుగిన్నెలోకి వచ్చిన మందు



మీరు బళ్ళారిలో ఉన్నా, హోసూరులో ఉన్నా, బరంపురంలోనో సిరొంచలోనో యానాంలోనో స్థిరపడినా, పసిబిడ్డ ఉన్న తెలుగింట్లో ఉగ్గుగిన్నె ఉండే ఉంటుంది. ఒకప్పుడు అందులో ఆముదం, అరగదీసిన వసకొమ్ము పడేవి. తర్వాతి కాలంలో మందుల షాపు నుంచి తెచ్చిన తియ్యటి సిరప్ పడసాగింది. ఆ సిరప్‌లలో యాంటీబయాటిక్‌లది ప్రత్యేకమైన చరిత్ర. అందులో కొంత ఇవాళ మీతో చెప్పుకోవాలని వచ్చాను.

ఈ కథలో మనవాడొకరున్నారు. 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన లెడర్లీ కంపెనీలో పరిశోధనలకు అధిపతిగా ఉండగా, బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. 1948లో అది లోకానికి తెలిసింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావుగారు కన్నుమూశారు. టెట్రాసైక్లిన్‌ల కుటుంబంలో మొదటి మందు అది. ఎన్నో ప్రాణాలు నిలిపింది.

అయితే ఆ కుటుంబపు మందులు పుచ్చుకున్న పసిపిల్లలకు, పళ్ళు వచ్చేసరికి పసుపురంగు కనిపించింది. అది క్రమంగా గోధుమరంగుకు తిరిగేది. కారణం, ఈ మందు కాల్షియంతో జతకట్టి, చిగురు కింద తయారవుతున్న పంటిలో కలిసిపోవడం. నెలల బిడ్డకు ఇచ్చిన మందు ఏళ్ళ తర్వాత నవ్వులో బయటపడిందన్నమాట. మచ్చలున్న ప్రతి పన్నూ దీని ఫలితం కాదండోయ్. కోలారు వైపు, నల్లగొండ వైపు నీళ్ళలోని ఫ్లోరైడు కూడా పళ్ళను పాడుచేస్తుంది.

రెండో కథ మరింత విషాదకరం. క్లోరాంఫెనికాల్ టైఫాయిడ్‌కు దివ్యౌషధమని పేరు పొందింది. 1950 దశకంలో అమెరికా ఆసుపత్రుల్లో, ఉమ్మనీరు పోయి చాలాసేపటికి పుట్టిన నెలతక్కువ పిల్లలకు, జబ్బు రాకముందే ముందుజాగ్రత్తగా దీన్ని ఇచ్చేవారు. కొందరు పిల్లలకు పొట్ట ఉబ్బి, ఒళ్ళు బూడిదరంగుకు తిరిగి, ప్రాణం పోయేది. లాస్ ఏంజిలిస్ వైద్యులు పిల్లలను వేర్వేరు జట్లుగా చేసి పరిశీలించారు. ఏ యాంటీబయాటిక్ ఇవ్వని పిల్లల్లో సుమారు 19 శాతం చనిపోతే, క్లోరాంఫెనికాల్ ఒక్కటే ఇచ్చినవారిలో 60 శాతం చనిపోయారు. 1959లో ఈ సంగతి ప్రచురించారు. పసికందు కాలేయం ఆ మందును విరిచి బయటికి పంపేంతగా ముదరలేదు. అందుకే అది ఒంట్లో పేరుకుపోయింది. బిడ్డ అంటే చిన్న సైజు పెద్దమనిషి కాదని వైద్యలోకం అప్పుడు గట్టిగా గ్రహించింది.

మూడో కథ కోళ్ళ గూటి నుంచి మొదలవుతుంది. 1950లో అదే లెడర్లీలో జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు, ఆరియోమైసిన్ తీయగా మిగిలిన పిప్పి తిన్న కోడిపిల్లలు త్వరగా బరువెక్కుతున్నాయని చూపారు. పశువుల దాణాలో ఈ మందులు కలపడం అలా వ్యాపించింది. మరి మనుషుల పిల్లల మాటేమిటి? న్యూయార్క్‌లో మార్టిన్ బ్లేసర్ బృందం చిట్టెలుకలకు పుట్టిన తొలినాళ్ళలోనే కొద్దిపాటి పెన్సిలిన్ ఇచ్చి చూసింది. కొద్ది వారాలు ఇచ్చి ఆపేసినా, పెద్దయ్యాక వాటికి కొవ్వు ఎక్కువ పట్టిందని 2014లో వెల్లడించింది. పేగుల్లో ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు తొలినాళ్ళలో చెదరడమే కారణమని వారి వివరణ.

పిల్లల్లో ఉబ్బసం గురించీ ఇటువంటి అనుమానమే ఉంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2000, 2014 మధ్య ఏడాదిలోపు పిల్లలకు యాంటీబయాటిక్‌లు రాయడం సగానికి పైగా తగ్గింది. అదే కాలంలో చిన్నపిల్లల్లో కొత్తగా ఉబ్బసం రావడం సుమారు నాలుగోవంతు తగ్గింది. రెండూ కలిసి తగ్గినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని తేలినట్టు కాదు. ఉబ్బసం రాబోయే బిడ్డకే ముందుగా ఆయాసం వచ్చి, దాన్ని చూసి మందు రాసి ఉండవచ్చు. ఎలుకకు జరిగింది మనిషికీ జరుగుతుందనీ చెప్పలేం. అనుమానం బలమైనదే, తీర్పు మాత్రం ఇంకా రాలేదు.

ఈ మాటలు విని భయపడి, అవసరమైన మందు మానెయ్యకండి. నెలలోపు బిడ్డ పాలు తాగడం మానినా, ఒళ్ళు వేడెక్కినా, చల్లబడినా, ఎగశ్వాస పీల్చినా, గంటలు లెక్కపెట్టుకుంటూ ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అక్కడ యాంటీబయాటిక్కే ప్రాణదాత. కానీ మామూలు జలుబుకూ, చాలావరకు నీళ్ళ విరేచనాలకూ అది పనిచేయదు. పక్కింటి పాపకు మిగిలిన సీసా మీ పాపకు పట్టవద్దు. చీటీ లేకుండా కొనవద్దు. "ఈ మందు అవసరమేనా అండీ?" అని డాక్టరుగారిని అడగడం తప్పు కాదు.

ఉగ్గుగిన్నె చిన్నదే. అందులో ఏం పడుతుందో చూసుకోవలసిన బాధ్యత మాత్రం పెద్దది.