గాజు తొట్టిలో సముద్రము

సముద్రమును ఇంట నిలుపవలెనను కోరిక మనకు క్రొత్తది కాదు. 1846లో అన్నా థిన్ అను ఆంగ్ల వనిత టార్కీ తీరమునుండి పగడపు జీవులను లండనుకు తెచ్చెను. ఉప్పునీటికి గాలి సోకుటకై ఆమె పనికత్తె ఆ నీటిని ఒక పాత్రనుండి వేరొక పాత్రలోనికి మాటిమాటికి పోయుచుండెడిది. 1853లో లండను జంతుప్రదర్శనశాల తొలి మత్స్యశాలను ప్రజలకై తెరచెను.

అయితే గాలియు నీరును ఉన్నంత మాత్రమున ప్రతి చేపయు బ్రతుకదు. 1961లో ఇండోనీషియా వాసి లీ చిన్ ఎంగ్, సముద్రపు రాళ్లను వాని నంటియున్న జీవులతో సహా తొట్టిలో నుంచు పద్ధతిని ప్రకటించెను. అట్టి రాళ్ల సందులలో పెరుగునవే కోపిపాడ్‌లు. ఇవి రొయ్యలకు, పీతలకు దూరపు చుట్టములు; పెక్కింటి పొడవు రెండు మిల్లీమీటర్లకు మించదు. గ్రీకు భాషలో ఈ పేరునకు తెడ్డుకాళ్లని అర్థము. రంగురంగుల మాండరిన్ చేపకు ఇవియే ముఖ్యాహారము. ఇవి లేనిచో, ఎండుమేత ఎంత చల్లినను ముట్టక, అది తరచు కృశించి మరణించును.

అందుచేత నేడు చేపలను పెంచువారు సజీవములైన కోపిపాడ్‌లను కొనితెచ్చి, రాత్రివేళ దీపము లార్పి, పంపుల నాపి, రాళ్లచెంత మెల్లగా విడుచుదురు. అవి స్థిరపడి, సంతతి పెరిగిన పిమ్మటనే మాండరినును తేవలెను. అతిథిని పిలుచుటకు ముందు వంటయిల్లు చూచుకొనుట మనకు తెలిసిన మర్యాదయే గదా!