బండి ఆగిపోతే ఎవరు మోస్తారు? టోయింగ్ మైళ్ళ లెక్క వెనక చరిత్ర

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. రోడ్డు పక్కన ఆగిపోయిన కారు ఉంది, దాన్ని లాక్కెళ్ళే ట్రక్కు ఉంది. ఇందులో చరిత్ర ఏముంది అనుకుంటారేమో. చాలానే ఉంది. అది నాకు తెలిసింది కూడా రోడ్డు పక్కన నిలబడ్డాకే. ముందు ఆ సంగతి చెప్తాను.

నేను ఉండేది అమెరికాలో, నాష్‌విల్‌లో. కొన్నేళ్ళ కింద మా అమ్మ గుంటూరు నుంచి వచ్చింది. ఒక ఆదివారం అట్లాంటా నుంచి తిరిగి వస్తున్నాం. చాటనూగా దాటి, ఐ-24 మీద మాంట్‌ఈగల్ కొండ ఎక్కాక కారు ఆగిపోయింది. అప్పటికి బండి కొని రెండేళ్ళు కూడా కాలేదు. కొన్నప్పుడు డీలరు చెప్పిన మాట బాగా గుర్తుంది, "రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఫ్రీ, ఎక్కడ ఆగినా మేమే తీసుకెళ్తాం" అని. ధీమాగా ఫోన్ చేశాను. అవతల అమ్మాయి మర్యాదగానే చెప్పింది: "దగ్గర్లో ఉన్న మా డీలరు దాకా ఖర్చు మాది సర్. అంతకంటే దూరమైతే మిగతా మైళ్ళు మీవి."

దగ్గర్లో ఉన్న డీలరు అంటే వెనక్కి చాటనూగా, సుమారు 45 మైళ్ళు. మా ఇంటి దగ్గర డీలరు ముందుకి, సుమారు 85 మైళ్ళు. అంటే 40 మైళ్ళు నావి. మైలుకి 6 డాలర్ల చొప్పున 240 డాలర్లు. నాకు కోపం వచ్చింది. ఫ్రీ అన్నదానికి డబ్బులేంటి అని వాదించి, చివరికి చాటనూగాకే తీసుకెళ్ళమన్నాను. అక్కడికి వెళ్తే ఆదివారం, సర్వీసు మూసేసి ఉంది. సోమవారం చూసి, పార్టు రావాలి, మంగళవారం ఇస్తామన్నారు. రెండు రాత్రులు హోటలు, తిండి, ఊళ్ళో టాక్సీలు అన్నీ కలిపితే 240 ఎప్పుడో దాటిపోయింది. మా అమ్మ ఒకటే అంది: "ఇన్ని రూల్సు ఉన్నవాళ్ళు కొనేటప్పుడే చెప్పొచ్చు కదరా?" నిజానికి చెప్పారు. బండితో ఇచ్చిన పుస్తకంలో రాసే ఉంది. నేనే చదవలేదు.

సోమవారం ఖాళీగా కూర్చోలేక, ఊళ్ళో చూడ్డానికి ఏముందని అడిగితే టో ట్రక్కుల మ్యూజియం ఉందన్నారు! మొదట నవ్వొచ్చింది. కానీ అది చాటనూగాలో ఉండటానికి కారణం ఉంది. అక్కడి నుంచే మన కథ మొదలవుతుంది.

1916. చాటనూగాలో ఎర్నెస్ట్ హోమ్స్ అని గ్యారేజీ నడిపే ఆయన ఉండేవాడు. ఆయనకి తెలిసినాయన ఫోర్డ్ మోడల్ టి కారు చికమాగా వాగులో పడిపోయింది. హోమ్స్ వెళ్ళాడు. తాళ్ళు, కప్పీలు, సాయానికి అరడజను మంది మనుషులు. ఆ కారు పైకి తీయడానికి 8 గంటలు పట్టిందట. మామూలు మనిషైతే ఇంటికెళ్ళి పడుకుంటాడు. ఈయన మాత్రం ఇంతమంది, ఇంతసేపు ఎందుకు కష్టపడాలి అని ఆలోచించాడు. 1913 నాటి ఒక కాడిలాక్ కారు మీద మూడు కమ్మీలు నిలబెట్టి, కప్పీ, గొలుసు బిగించాడు. మొదటిసారి వాడినప్పుడు బరువుకి లాగే బండే నిలవలేదు. అప్పుడు పక్కలకి ఆనించే కాళ్ళు పెట్టాడు. తర్వాత రెండు బూములు పెట్టాడు. ఒకదాన్ని చెట్టుకి కట్టి బండిని కదలకుండా ఉంచి, రెండోదానితో లాగడం. పేటెంటు తీసుకుని, ఆ ట్రక్కులు తయారుచేసి అమ్మాడు. మనం ఇవాళ చూసే టో ట్రక్కుకి అది తాత అన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. 1916లో ఆ కారుని తీసింది ఎవరు? స్నేహితుడు. దూరం లెక్క లేదు, మైలుకి ఇంత అని లేదు. మన వైపు పొలంలో దిగబడ్డ లారీని ట్రాక్టరు కట్టి లాగినట్టే. అమెరికాలో కూడా ఆ రోజుల్లో రైతులు గుర్రాలు కట్టి కార్లు లాగేవాళ్ళు. అది మొహమాటం మీద నడిచే సాయం. కానీ కార్లు వేలూ లక్షలూ అయ్యాక మొహమాటం సరిపోదు కదా. అప్పుడు వచ్చాయి క్లబ్బులు.

బ్రిటన్‌లో ఆటోమొబైల్ అసోసియేషన్ 1905లో పుట్టింది. ఎందుకు పుట్టిందో తెలుసా? ఆగిపోయిన బండ్లకి సాయం చేయడానికి కాదు. పోలీసులు స్పీడు పట్టుకోవడానికి దాక్కునే చోట్లు సభ్యులకి ముందే చెప్పడానికి! అప్పట్లో అక్కడ పరిమితి గంటకి 20 మైళ్ళు. సైకిళ్ళ మీద మనుషుల్ని పెట్టి హెచ్చరించేవాళ్ళు. 1910 ప్రాంతంలో కోర్టు అది తప్పంది. దాంతో తెలివిగా పద్ధతి మార్చారు. మామూలుగా అసోసియేషన్ మనిషి సభ్యుడి కారు చూస్తే సెల్యూట్ కొడతాడు. కొట్టలేదంటే ముందు ఏదో ఉందని అర్థం. సెల్యూట్ కొట్టకపోవడం నేరం అని ఏ కోర్టు అంటుంది? అట్లా రోడ్డు మీద తిరిగే ఆ మనుషులే మెల్లగా టైర్లు మార్చడం, ఇంజను చూడటం మొదలుపెట్టారు.

అమెరికాలో ట్రిపుల్ ఏ, అంటే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్, 1902లో షికాగోలో తొమ్మిది క్లబ్బులు కలిసి పెట్టుకున్నది. 1915లో మిస్సోరి క్లబ్బు సెయింట్ లూయిస్‌లో అయిదుగురిని మోటార్ సైకిళ్ళ మీద పంపడం మొదలుపెట్టింది. దాని పేరే ఫస్ట్ ఎయిడ్ కోర్. అమెరికాలో రోడ్ సర్వీసుకి అది తొలి అడుగుల్లో ఒకటి.

క్లబ్బు అంటే ఏమిటి? అందరూ తలా కొంత వేసుకుంటారు, ఆ ఏడు ఎవరి బండి ఆగితే వాళ్ళకి ఖర్చుపెడతారు. మన చీటీ పాట లాంటి లెక్కే. కానీ ఒక సభ్యుడు 5 మైళ్ళు, ఇంకొకడు 300 మైళ్ళు లాగించుకుంటే మిగతావాళ్ళు ఊరుకుంటారా? అందుకని పరిమితి వచ్చింది. ఇవాళ్టికీ ట్రిపుల్ ఏలో మామూలు మెంబర్‌షిప్పుకి కొద్ది మైళ్ళే. పై రకానికి 100 మైళ్ళు, దానిపై రకానికి ఏడాదికి ఒకసారి 200 మైళ్ళ దాకా. ఎక్కువ కట్టినవాడికి ఎక్కువ దూరం. బ్రిటన్‌లో 1973లో రిలే అని ఒక సర్వీసు తెచ్చారు. బండినీ మనుషుల్నీ కలిపి దేశంలో ఎక్కడికైనా చేరుస్తారు, దానికి వేరే డబ్బు. అంటే క్లబ్బుల కాలంలో ఎక్కడికి వెళ్ళాలన్నది చెప్పేది సభ్యుడే, ఎంత దూరం అన్నదే లెక్క.

మూడో మలుపు కార్ల కంపెనీలు దిగడం. 1980ల్లో ఖరీదైన కార్ల కంపెనీలు ఇది మొదలుపెట్టాయి. కాడిలాక్ 1988లో తెచ్చింది. హ్యుందాయ్ 1998 చివర్లో, అమెరికాలో పేరు బాగాలేని రోజుల్లో, ఇంజనుకి 10 ఏళ్ళ లేదా లక్ష మైళ్ళ వారంటీ ప్రకటించి, దాంతోపాటు 5 ఏళ్ళ రోడ్‌సైడ్ అసిస్టెన్స్ కూడా ఇచ్చింది. అంటే ఇది దానం కాదు, నమ్మకం అమ్మడం. తర్వాత దాదాపు అందరూ ఇచ్చారు.

కానీ కంపెనీ డబ్బు పెట్టినప్పుడు ఒక మార్పు వచ్చింది. బండి ఎక్కడికి వెళ్ళాలో కంపెనీ చెప్తుంది. ఎక్కడికి? తన డీలరు దగ్గరికి. మీ ఇంటికి కాదు, మీకు నమ్మకమైన మెకానిక్ దగ్గరికి కాదు. ఉదాహరణకి ఫోర్డ్ అమెరికాలో ఇచ్చిన మాన్యువల్స్ చూడండి. 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళు, ఏది ముందైతే అది. టోయింగ్ దగ్గర్లో ఉన్న ఫోర్డ్ డీలరు దాకా, లేదా 35 మైళ్ళ లోపల మీకు నచ్చిన ఫోర్డ్ డీలరు దాకా. 35 దాటితే ఆ పై మైళ్ళ ఖర్చు మీది. బురదలో దిగబడితే లాగుతారు, కానీ తారు రోడ్డు నుంచి 100 అడుగుల లోపల ఉంటేనే. ఇది అంతా స్పష్టంగానే రాసి ఉంటుంది. ఇంకో మాట కూడా చాలా కంపెనీల పుస్తకాల్లో ఉంటుంది: రోడ్‌సైడ్ అసిస్టెన్స్ వారంటీలో భాగం కాదు, ఎప్పుడైనా మార్చవచ్చు అని.

మరి ఆ పై మైళ్ళకి రేటు ఎవరు పెడతారు? ఇది ముఖ్యమైన ప్రశ్న. 1994లో అమెరికా కాంగ్రెస్ ఒక చట్టం చేసింది. ట్రక్కుల కిరాయిల్లో రాష్ట్రాలు వేలు పెట్టకూడదని. టో ట్రక్కులూ అందులోకే వచ్చాయి. 1995లో ఒక మినహాయింపు ఇచ్చారు: యజమాని ఒప్పుకోకుండా, ఉదాహరణకి నో పార్కింగ్‌లోంచి, బండి ఎత్తుకెళ్తే ఆ రేటుని రాష్ట్రాలు నియంత్రించవచ్చు. మనమే ఫోన్ చేసి పిలిస్తే అది ఒప్పందం, రేటు వాళ్ళిష్టం మనిష్టం. అర్ధరాత్రి హైవే పక్కన అమ్మని పక్కన పెట్టుకుని నిలబడ్డవాడికి "మనిష్టం" ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి.

అలాగని డ్రైవర్ని తిట్టుకోకండి. కంపెనీ తన మనుషుల్ని పంపదు. మధ్యలో ఒక కాల్ సెంటర్, దాని కింద ఊరి టోయింగ్ షాపు. కంపెనీ తరఫు పనికి అతనికి ముందే కుదిరిన రేటే వస్తుంది. చాటనూగా మ్యూజియం దగ్గర ఒక గోడ ఉంది. పనిలో చనిపోయిన టో ట్రక్కు డ్రైవర్ల పేర్లు దాని మీద చెక్కారు. 2006లో కట్టారు. రోడ్డు అంచున ఇంకొకరి బండికి గొలుసు తగిలిస్తూ, వెనక నుంచి వచ్చిన కారు కింద పడిపోయినవాళ్ళు ఎందరో. మా అమ్మ ఆ పేర్ల ముందు చెప్పులు విప్పి నిలబడింది. ముందురోజు మా కారు ఎక్కించిన కుర్రాడు కూడా ట్రాఫిక్ వైపు వీపు పెట్టే గొలుసు తగిలించాడు. నేను అప్పుడు మైళ్ళ గురించి వాదిస్తున్నాను.

కాబట్టి వందేళ్ళలో జరిగింది ఇదీ. మొదట స్నేహితుడు మోశాడు, దూరం లెక్క లేదు. తర్వాత క్లబ్బు మోసింది, దూరానికి హద్దు వచ్చింది. తర్వాత కంపెనీ మోసింది, దూరంతోపాటు దిక్కు కూడా వాళ్ళదే అయింది. ఎవరు డబ్బు కడితే వాళ్ళు దారి చెప్తారు. ఫ్రీ అన్న మాటకి అర్థం అంతే.

మన దగ్గర కూడా హైవేల మీద 1033 ఉంది. టోల్ రోడ్డు వాళ్ళ క్రేన్లు ఉన్నాయి. కంపెనీలూ ఇస్తున్నాయి. కొన్నప్పుడే మూడు ప్రశ్నలు అడగండి. ఎన్ని కిలోమీటర్లు? ఎక్కడికి? దాటితే కిలోమీటరుకి ఎంత? ఇంకో ప్రశ్న, ట్రక్కులో ఎంతమందికి చోటుంటుంది అని. మేమిద్దరమే కాబట్టి సరిపోయింది. పిల్లలుంటే ఏం చేసేవాడినో ఇప్పటికీ తెలీదు.

రోడ్డు పక్కన పసుపు లైటు తిరుగుతూ కనిపిస్తే, దయచేసి పక్క లేనుకి జరగండి. ఇవాళ్టికి ఇంతే.