ఈథర్‌నెట్ ఆగడం నేర్చుకున్న కథ

సూరత్‌లో లింబాయత్, ఉధ్నా వైపు వెళ్తే వీధుల్లో తెలుగు ధారాళంగా వినిపిస్తుంది. తెలంగాణ పల్లెల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన పద్మశాలీ కుటుంబాలు తరాల కిందటే అక్కడ స్థిరపడ్డాయి. వాళ్ల పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు కూడా నడిపింది. ఆ మగ్గాల మీద నుంచి దిగిన గుడ్డ రింగ్ రోడ్డు మార్కెట్లకు చేరి దేశమంతా వెళ్తుంది. గుడ్డతో పాటు దాని డిజైన్లు, స్టాకు లెక్కలు, బిల్లులు కూడా ఇప్పుడు ప్రయాణిస్తున్నాయి. సూరత్ వ్యాపారి ఒకరు తన చీరల డిజైన్ ఫైలును మైక్రోసాఫ్ట్ అజూర్‌లో దాచుకున్నారనుకుందాం. 2015 నుంచి ఆ సంస్థకు పుణె, ముంబై, చెన్నైలలో డేటా సెంటర్లున్నాయి. ఫైలు అక్కడికి చేరగానే దానికి కనీసం మూడు కాపీలు తయారవుతాయి. అవి వేర్వేరు సర్వర్లలోకి వెళ్లాలి.

ఆ సర్వర్ల మధ్య నడిచే దారి పేరు ఈథర్‌నెట్. ఇంట్లో మోడెమ్ వెనక గుచ్చే తీగలోనూ ఉండేది అదే. తేడా ఒక్కటే. ఇంట్లోది రద్దీ ఎక్కువైతే డేటాను మోసే చిన్న మూటలైన పాకెట్లను నిస్సంకోచంగా పారేస్తుంది. డేటా సెంటర్‌లోది, కొన్ని రకాల పాకెట్ల విషయంలో, వెనకున్నవాణ్ని కాసేపు ఆగమంటుంది. పారేయడమే పుట్టుక గుణంగా ఉన్న ఈ సాంకేతికత ఆగడం నేర్చుకోవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. నేర్చుకున్నాక కొత్త జబ్బులూ వచ్చిపడ్డాయి. కంప్యూటర్ నెట్‌వర్కుల చరిత్రలో ఇంత ఆసక్తికరమైన అధ్యాయం మరొకటి లేదని నా నమ్మకం.

1973 మే 22న కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో బాబ్ మెట్‌కాఫ్ తన సహోద్యోగులకు ఒక నోట్ రాశారు. ఈథర్‌నెట్ ఆలోచన బయటపడింది అందులోనే. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన కట్టిన తొలి నెట్‌వర్క్ వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు. ఒకే తీగను అందరూ పంచుకునేవారు. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే రెండు సందేశాలూ చెడిపోయేవి. అప్పుడు ఇద్దరూ ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్‌సన్ బృందం 1971లో నడిపిన అలోహా రేడియో నెట్‌వర్క్ నుంచి వచ్చిన పద్ధతి ఇది. పోయిన సందేశాన్ని మళ్లీ పంపే బాధ్యత పైనున్న సాఫ్ట్‌వేర్‌ది. తీగ మాత్రం ఏ హామీ ఇవ్వదు. ఆ నిర్లక్ష్యం వల్లే ఈథర్‌నెట్ చవకగా దొరికింది, ప్రపంచమంతా పాకింది.

డిస్కులకు మాత్రం ఈ పద్ధతి సరిపడలేదు. బ్యాంకు లెక్క రాసే సర్వర్‌కూ, ఆ లెక్క దాచే డిస్కుకూ మధ్య పాకెట్ పోతే మళ్లీ పంపేలోగా పని మొత్తం నిలిచిపోతుంది. అందుకే 1990లలో నిల్వ కోసం విడిగా ఫైబర్ ఛానెల్ వచ్చింది. అందులో అవతలివాడు తన దగ్గర ఇంత చోటుందని ముందే చెబుతాడు, ఇవతలివాడు అంతవరకే పంపుతాడు. చోటు లేనిచోటికి పాకెట్ బయలుదేరదు కాబట్టి పారేయాల్సిన అవసరమే రాదు. పద్ధతి బాగుంది కానీ ఖర్చు తడిసి మోపెడైంది. ప్రతి సర్వర్‌కూ రెండు రకాల కార్డులు, రెండు రకాల కేబుళ్లు, రెండు రకాల స్విచ్‌లు. వాటిని చూసుకునే మనుషులు కూడా రెండు జట్లు.

ఈథర్‌నెట్‌కే ఆగడం నేర్పితే ఒక్క తీగతో సరిపోతుంది కదా అన్న ఆలోచనకు తొలి రూపం 1997లో వచ్చింది. ఆ ఏడాది 802.3ఎక్స్ ప్రమాణం పాజ్ అనే సందేశాన్ని ప్రవేశపెట్టింది. నిండిపోయిన స్విచ్ ఎదుటివాడికి ఇంతసేపు ఆగు అని చెబుతుంది. సెకనుకు 10 గిగాబిట్ల తీగ మీద ఒక్క సందేశంతో గరిష్ఠంగా సుమారు 3.36 మిల్లీసెకన్లు ఆపొచ్చు. కానీ ఆగితే అంతా ఆగాల్సిందే. మరమగ్గం మీద పేక నూలు ఒక్కటి తెగితే పడుగులో వేల పోగులు నిక్షేపంగా ఉన్నా మగ్గమంతా నిలిచిపోతుంది. ఇదీ అంతే. డిస్కు కోసం ఆపితే దాంతో పాటు ఫోన్ కాల్ పాకెట్లూ ఆగేవి, సర్వర్లను అదుపు చేసే సందేశాలూ ఆగేవి. దాంతో చాలామంది నిర్వాహకులు పాజ్‌ను అసలు వాడలేదు.

దీనికి దారి చూపించింది డేటా సెంటర్ బ్రిడ్జింగ్ (డీసీబీ). ప్రమాణాలు రూపొందించే ఐఈఈఈలో పాట్ థేలర్ అధ్యక్షతన ఈ పేరుతో పనిచేసిన బృందం ఉన్న తీగనే ఎనిమిది వరసలుగా చూసింది. పాకెట్ మీద ఉండే వీలాన్ ముద్రలో ప్రాధాన్యం చెప్పే మూడు బిట్లు అప్పటికే ఉన్నాయి, అవి 0 నుంచి 7 దాకా ఎనిమిది అంకెలనిస్తాయి. పీఎఫ్‌సీ అనే నియమం ప్రకారం ఒక్కో అంకెను విడిగా ఆపొచ్చు. మూడో వరస ఆగితే మిగతా ఏడూ సాగిపోతాయి. ఈటీఎస్ అనే మరో నియమం తీగ సామర్థ్యాన్ని వాటాలుగా పంచుతుంది. ఎవరైనా తన వాటా వాడుకోకపోతే పక్కవాళ్లు వాడుకోవచ్చు. తీగకు రెండు కొసల్లో ఉన్న యంత్రాలు ఈ సెట్టింగులను ఒకదానికొకటి చెప్పుకునే భాష డీసీబీఎక్స్. 2011 నాటికి ఇవన్నీ ప్రమాణాలయ్యాయి. ఫైబర్ ఛానెల్‌ను ఈథర్‌నెట్ మీద నడపాలన్నదే అప్పట్లో వీటి వెనకున్న వ్యాపార లక్ష్యం. ఆ లక్ష్యం అనుకున్నంతగా నెరవేరలేదు. దానికోసం తయారైన పనిముట్లు మాత్రం మరో పనికి అక్కరకొచ్చాయి.

నియమాలను యంత్రానికి ఎవరో ఒకరు చెప్పాలి కదా. 2009లో లినక్స్ కెర్నెల్ 2.6.29లో ఇంటెల్ ఇంజనీర్ల చొరవతో డీసీబీ సెట్టింగులకు తలుపు తెరుచుకుంది. తొలి రోజుల్లో ఎల్‌ఎల్‌డీపీఏడీ అనే ప్రోగ్రాం నిరంతరం వెనకాల నడుస్తూ పక్క స్విచ్‌తో మాట్లాడేది, సెట్టింగులనూ తనే దిద్దేది. అన్నీ అదే చేయడంతో, ఒక్క సెట్టింగు మార్చాలన్నా దాని దారిలోనే వెళ్లాలి. ఆ బరువు లేని పనిముట్టు 2021లో వచ్చింది. లినక్స్ నెట్‌వర్క్ నిర్వాహకులు రోజూ వాడే ఐపీరూట్2 పొదిలో, 5.11 వెర్షన్‌తో, డీసీబీ అనే ఆదేశం చేరింది. రాసినవారు నెట్‌వర్క్ కార్డుల సంస్థ మెలనాక్స్ ఇంజనీరుగా పేరున్న పెట్ర్ మహాటా. అప్పటికే మెలనాక్స్‌ను ఎన్విడియా కొనేసింది.

ఆ ఆదేశాన్ని ఒకసారి దగ్గరగా చూద్దాం. నల్లని తెర మీద ఇంజనీరు ఇలా కొడతారు: డీసీబీ పీఎఫ్‌సీ సెట్ డెవ్ ఈటీహెచ్0 ప్రయో-పీఎఫ్‌సీ ఆల్:ఆఫ్ 3:ఆన్. ఈటీహెచ్0 అనేది నెట్‌వర్క్ కార్డు పేరు. ముందు ఎనిమిది వరసల్లోనూ ఆపే హక్కు తీసేసి, తర్వాత మూడో వరసకు మాత్రమే ఇచ్చారన్నమాట. అంతే, ఎంటర్ కొట్టగానే అమల్లోకి వస్తుంది. ఈటీఎస్ పేరుతో ఉన్న ఆదేశంలో ఏ వరసకు నూటికి ఎంత అని రాస్తారు. అంకెల మొత్తం వందకు చేరాలి. యాప్ అనే ఆదేశంతో ఏ గుర్తున్న పాకెట్ ఏ వరసలోకి పోవాలో చెబుతారు. డీసీబీఎక్స్ అనే ఆదేశం ఇంకా కీలకమైనది. కార్డు లోపలి ఫర్మ్‌వేర్ తన ఇష్టప్రకారం సెట్టింగులు మార్చాలా, ఈ సర్వర్ చెప్పినట్టు వినాలా అన్నది అక్కడ తేలుతుంది. చేత్తో దిద్దిన సెట్టింగు కాసేపటికి పాతదానికి తిరిగిపోయిందంటే అనుభవజ్ఞులు ముందు చూసేది దీన్నే.

వీటన్నిటిలో బఫర్ ఆదేశానికి ఉన్న లెక్క నాకు చాలా ఇష్టం. ఆగు అన్న మాట ఎదుటివాడికి చేరేలోగా అతను పంపినవి తీగలో ఉంటాయి, వాటికి చోటివ్వాలి. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్‌కూ స్విచ్‌కూ మధ్య 100 మీటర్లుంటే మాట వెళ్లడానికి, దారిలో ఉన్నవి వచ్చిపడడానికి కలిపి ఒక మైక్రోసెకను. 100 గిగాబిట్ల వేగంలో ఆలోగా వచ్చేది 12.5 కిలోబైట్లు. అదే రెండు భవనాల మధ్య 100 కిలోమీటర్లుంటే ఆ అంకె వెయ్యి రెట్లయి 12.5 మెగాబైట్లవుతుంది. స్విచ్ చిప్‌లో ఉండే మెమరీ పదుల మెగాబైట్లలోనే ఉంటుంది కాబట్టి ఒక్క దూరపు తీగే అందులో పెద్ద భాగం మింగేస్తుంది. చోటు తక్కువ కేటాయిస్తే, ఏదీ పోదని మాటిచ్చిన వరసలోనే పాకెట్లు చడీచప్పుడు లేకుండా పోతాయి.

డీసీబీ అక్కరకొచ్చిన ఆ మరో పని ఆర్‌డీఎంఏ. ఒక సర్వర్ మెమరీ నుంచి ఇంకో సర్వర్ మెమరీలోకి, ప్రాసెసర్‌ను కదిలించకుండా, నేరుగా డేటా రాసే పద్ధతి ఇది. ఈథర్‌నెట్ మీద దీన్ని నడిపే రాకీ ప్రమాణం 2010లో, దాని రెండో రూపం 2014లో వచ్చాయి. మైక్రోసాఫ్ట్ దీన్ని భారీ ఎత్తున అమలు చేసి, ఎదురైన కష్టాలను 2016లో నెట్‌వర్క్ పరిశోధకుల సిగ్‌కామ్ సదస్సులో ఒక పత్రంగా బహిరంగంగా చెప్పింది.  చువాన్‌షియోంగ్ గువో, ఆయన సహచరులు రాసిన ఆ పత్రాన్ని నెట్‌వర్క్ చదువుకునే ప్రతి విద్యార్థి చదవాలి.

ఒక ప్రయోగంలో వాళ్లు 256 పాకెట్లకు ఒకటి చొప్పున కావాలని పారేశారు. తీగ పూర్తి వేగంతో నిండుగా నడుస్తోంది, కానీ అవతల ఒక్క సందేశమూ పూర్తి కాలేదు. ఒక్క పాకెట్ పోతే కార్డు మొత్తం 4 మెగాబైట్ల సందేశాన్నీ మొదటి నుంచి పంపడమే కారణం. పోయినచోటి నుంచి పంపేలా మార్చాక గండం గడిచింది. ఇంకోసారి స్విచ్‌లు ఒకదాని కోసం ఒకటి ఆగి వలయంగా బిగుసుకుపోయాయి. ఎవరూ కదలరు, కదలాలంటే ముందువాడు కదలాలి. చచ్చిపోయిన సర్వర్ చిరునామాను స్విచ్‌లోని ఒక పట్టిక నిమిషాల్లో మరిచిపోతే, మరో పట్టిక గంటల తరబడి గుర్తుపెట్టుకోవడం ఈ ముడికి మూలం. దాని పాకెట్లు ఎక్కడికి పోవాలో తెలియక అన్ని వైపులా పోయాయి. అన్నిటికన్నా భయపెట్టింది పాడైన ఒక్క కార్డు. అది ఆగు, ఆగు అని ఎడతెగకుండా అరుస్తుంటే పై స్విచ్ ఆగింది, దాని పైది ఆగింది, అలా నెట్‌వర్కే స్తంభించింది. అప్పటి నుంచి కార్డులోనూ స్విచ్‌లోనూ కాపలా పెట్టారు. హద్దు మీరి ఆపుతున్న కార్డు మాట ఇక వినరు.

వీలాన్ ముద్ర మీద ఆధారపడడాన్నీ వాళ్లు వదిలేశారు. ఐపీ శీర్షికలో ఆరు బిట్ల డీఎస్‌సీపీ గుర్తు ఉంటుంది, దాన్నే వరసకు ఆధారం చేశారు. దాంతో ఒక సబ్‌నెట్ దాటినా గుర్తు చెరగదు. డీసీబీ యాప్ ఆదేశంలో డీఎస్‌సీపీ అంకె పక్కన వరస అంకె రాయడం ఆ అవసరానికే.

ఈ కష్టాలన్నీ దాటుకుని, అజూర్ నెట్‌వర్క్‌లో దాదాపు 70 శాతం ట్రాఫిక్ ఆర్‌డీఎంఏదేనని, తమ పబ్లిక్ రీజియన్లన్నిటిలో అది నడుస్తోందని మైక్రోసాఫ్ట్ ఇంజనీర్లు 2023లో ప్రకటించారు. పుణె కూడా ఆ రీజియన్లలో ఒకటి. సూరత్ వ్యాపారి ఫైలు కాపీలుగా మారేది ఇలాంటి నెట్‌వర్క్ మీదే.

కృత్రిమ మేధ వచ్చాక ఒత్తిడి మరింత పెరిగింది. మెటా 24 వేలకు పైగా జీపీయూలున్న క్లస్టర్‌ను రాకీ మీద కట్టి తన ఏఐ మోడల్ లామా 3 శిక్షణకు వాడింది. 400 గిగాబిట్ల నెట్‌వర్క్‌లో రద్దీని అదుపు చేసే అదనపు పద్ధతి ఆశించిన మేలు చేయకపోవడంతో దాన్ని ఆపేసి, ఏడాదికి పైగా పీఎఫ్‌సీ మీదే బండి నడిపామని 2024లో చెప్పింది. మరోవైపు 2023 జులైలో ఏర్పడ్డ అల్ట్రా ఈథర్‌నెట్ కన్సార్టియం 2025 జూన్‌లో తొలి ప్రమాణం విడుదల చేసింది. పాకెట్ పోతే పోయిందాన్నే చటుక్కున మళ్లీ పంపేద్దాం, ఆపడం మీద ఆధారపడొద్దన్నది వాళ్ల మొగ్గు. మెట్‌కాఫ్ నాటి స్వభావానికి దగ్గరైన దారి ఇది. వేగం పెరిగేకొద్దీ ఇదే నెగ్గుతుందని నాకనిపిస్తుంది, కానీ ఉన్న నెట్‌వర్కులను రాత్రికి రాత్రి ఎవరూ పీకేయరు.

తెలుగు నేల మీద ఈ పని ఇంకా పెరగబోతోంది. హైదరాబాదులో అమెజాన్ క్లౌడ్ రీజియన్ 2022 నవంబరులో తెరుచుకుంది. అదే ఏడాది మైక్రోసాఫ్ట్ కూడా అక్కడ డేటా సెంటర్లు కడతామంది. 2025 అక్టోబరు 14న గూగుల్ విశాఖపట్నంలో అయిదేళ్లలో 1,500 కోట్ల డాలర్లతో ఏఐ కేంద్రం ప్రకటించింది. భూమి, కరెంటు, నీళ్ల గురించి పత్రికల్లో చర్చ బాగానే జరుగుతోంది, జరగాలి కూడా. ఆ హాళ్ల లోపల స్విచ్‌ల ముందు కూర్చుని ఏ వరస ఆగాలో తేల్చే నైపుణ్యం మన ఇంజనీరింగ్ కళాశాలల్లో ఎంతమందికి నేర్పుతున్నామన్న చర్చ కూడా దానితో పాటు నడవాలి. దీనికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. డీసీబీ పనిముట్టు ఉచితం, దాని మూలకోడ్ ఎవరైనా చదవొచ్చు. ఈ నియమాలను పాటించే రెండు పాత నెట్‌వర్క్ కార్డులు, మధ్య ఒక కేబులు ఉంటే ప్రయోగశాల తయారైనట్టే.

అక్కడ విద్యార్థికి మొదట నేర్పాల్సింది సెట్ ఆదేశం కన్నా షో ఆదేశం. డీసీబీ తర్వాత ఒక చిన్న గీత, ఎస్ పెట్టి పీఎఫ్‌సీ షో అని అడిగితే ఒక్కో వరసకు రెండు లెక్కలు వస్తాయి. రిక్వెస్ట్స్ అంటే ఈ యంత్రం ఇతరులను ఎన్నిసార్లు ఆగమందో, ఇండికేషన్స్ అంటే దీన్ని ఇతరులు ఎన్నిసార్లు ఆపారో. నెట్‌వర్క్ నెమ్మదించిందని ఫిర్యాదు వచ్చినప్పుడు ఈ రెండూ చూస్తే సగం చిక్కు వీడుతుంది. రెండోది పెరుగుతుంటే ఈ సర్వర్ బాధితురాలు, కారణం తీగకు అవతల ఉంది. మొదటిది పెరుగుతుంటే వెతకాల్సింది ఈ సర్వర్ లోపలే.