విద్యాశాఖ ప్రగతిని దేనితో కొలవాలి?
(తాలీమాత్ నాటి నుండి నేటి దాకా ఒక పరిశీలన)

రోడ్ల శాఖ పనిని మైళ్లతో కొలుస్తాం. నీటిపారుదల శాఖ పనిని ఎకరాలతో కొలుస్తాం. విద్యాశాఖ దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు వస్తుంది. బడులు ఎన్నో చెప్పవచ్చు, ఉపాధ్యాయులు ఎందరో చెప్పవచ్చు, ఖర్చయిన రూపాయలు చెప్పవచ్చు. కాని ఆ చదువు వల్ల సంఘంలో వెనుకబడినవాడు ఎంత ముందుకు వచ్చాడు, ఆడపిల్ల ఎంత దూరం నడిచింది అని అడిగితే ఈ అంకెలు జవాబు చెప్పవు. ఈ ప్రశ్న మన హైదరాబాదుకు కొత్తది కాదు. నూట యాభై ఏళ్లుగా ఉన్నదే. అందుకే కొంచెం చరిత్రలోకి పోయి చూద్దాం.

నిజాం నాటి లెక్క

మొదటి సాలార్ జంగ్ 1853లో దివాన్ అయ్యాడు. ఆ దశకంలోనే దారుల్ ఉలూమ్ మొదలయింది. తర్వాత సర్రిష్త-ఎ-తాలీమాత్, అనగా విద్యాశాఖ, ఒక రూపానికి వచ్చింది. ఇమాదుల్ ముల్క్ అని పేరు పొందిన సయ్యద్ హుసేన్ బిల్గ్రామి వంటి పండితుడు దానికి నాజిమ్‌గా పని చేశాడు. 1887లో నిజాం కాలేజి వచ్చి మద్రాసు విశ్వవిద్యాలయంతో అనుబంధం పొందింది. సరోజినీ నాయుడు గారి తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ అక్కడ ప్రిన్సిపాల్. 1891లో ఆసఫియా లైబ్రరీ, 1907లో మహబూబియా బాలికల పాఠశాల. కాగితం మీద చూస్తే ఇది మంచి ప్రగతే.

ఇప్పుడు అవతలి పుట చూడండి. 1901 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాద్ సంస్థానంలో అక్షరం వచ్చినవారు నూటికి ముగ్గురు. స్త్రీలలో అయితే వెయ్యికి అయిదుగురు కూడ లేరు. కాలేజి ఉంది, లైబ్రరీ ఉంది, గొప్ప విద్వాంసులు ఉన్నారు. వాటి కింద ఉండవలసిన పునాది లేదు.

1917 నాటి ఫర్మానాతో ఉస్మానియా విశ్వవిద్యాలయానికి నాంది పడింది. దాని వెనుక సర్ అక్బర్ హైదరీ కృషి ఉంది. ఒక భారతీయ భాషలో పై చదువులు చెప్పడం ఆ రోజుల్లో సాహసమే. దారుల్ తర్జుమా పెట్టి వైద్యం, గణితం, న్యాయం, రసాయనం పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చారు. ఉర్దూ ఉపాధ్యాయుడిగా ఆ పని తలచుకుంటే నా గుండె నిండుతుంది. కాని న్యాయం చెప్పాలంటే రెండో మాట కూడ చెప్పాలి. సంస్థానంలో ఉర్దూ మాతృభాషగా గలవారు నూటికి పది, పన్నెండు మంది. తెలుగువారు దాదాపు సగం. మరాఠీ, కన్నడ వారు ఇంకా ఉన్నారు. మాతృభాషలో చదువు అన్న గొప్ప సూత్రం కొద్దిమందికి మాతృభాష అయింది, ఎక్కువమందికి పరభాష అయింది.

ఆ లోటును ప్రజలే పూడ్చుకోవలసి వచ్చింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం పెట్టుకున్నారు. 1928లో మాడపాటి హనుమంతరావు గారి పూనికతో తెలుగు బాలికల పాఠశాల వచ్చింది. ఈ మాట మన సంఘం వారు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సర్కారు కొలబద్దలో కనపడని పిల్లలను ఒక సంఘం తన కొలబద్దతో కొలిచి బడి కట్టుకున్నది. ఇవాళ మనం నిలబడిన చోటు కూడ అదే.

మన పొరుగు చెప్పే పాఠం

అమీర్‌పేట పేరు పాయగా వంశపు అమీర్-ఎ-కబీర్ నుండి వచ్చిందంటారు. పంజాగుట్ట దగ్గర ఎత్తు మీద ఉన్న ఇర్రం మంజిల్‌ను నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ కట్టించాడు. నిజాం కాలేజికి ఇల్లయిన భవనం కూడ ఆయనదే. ఇక్కడికి దగ్గరలోనే, బేగంపేటలో, 1923లో జాగీర్దార్ కాలేజి తెరిచారు. పేరులోనే ఉంది అది ఎవరి పిల్లల కోసమో. జాగీర్లు 1949లో రద్దయినవి. 1951లో ఆ విద్యాలయమే హైదరాబాద్ పబ్లిక్ స్కూల్ అయింది. అదే 1951 జనాభా లెక్కలలో హైదరాబాద్ రాష్ట్రపు అక్షరాస్యత నూటికి తొమ్మిది దగ్గర ఉంది. యాభై ఏళ్లలో మూడు నుండి తొమ్మిదికి! నాజిమ్‌లు అసమర్థులు కారు. లక్ష్యమే చిన్నది, పైవారికి సరిపోయేది.

తర్వాత ఆంధ్రప్రదేశ్ వచ్చింది. బడులు పెరిగినవి, మధ్యాహ్న భోజనం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుండి విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. 2011 లెక్కలలో హైదరాబాద్ జిల్లా అక్షరాస్యత నూటికి 83 దాటింది. అక్షరాస్యుడు అనే మాటకు అర్థం, లెక్కించే వయసు మధ్యలో మారినవి గనుక పాత అంకెలతో సరిగ్గా పోల్చలేము. అయినా ఇది గొప్ప మార్పు. కాదనేవాడు అన్యాయం చెప్పినట్లే.

సగటు అనే మాయ

మన సముదాయం సంగతికి వద్దాం. సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చింది. 2001 లెక్కల ప్రకారం దేశంలో ముస్లింల అక్షరాస్యత 59.1 శాతం, దేశపు సగటు 65.1 శాతం. కాని ఆంధ్రప్రదేశ్‌లో తమాషా ఏమిటంటే ముస్లింల అక్షరాస్యత 68 శాతం, రాష్ట్రపు సగటు 60.5 శాతం. ఈ అంకె చూసి ఇక్కడ ముస్లింలు ముందున్నారని కొందరు చేతులు దులుపుకున్నారు. ఎందుకు ముందున్నారు? మనవాళ్లలో ఎక్కువమంది పట్నాలలో ఉంటారు. పల్లెలతో కూడిన మొత్తం రాష్ట్రాన్ని పట్నవాసులతో పోల్చితే పట్నవాసులే గెలుస్తారు. పోల్చవలసింది పట్నంలో పక్క వీధివాడితో. అది కూడ ఒక్క అక్షరాస్యతలో కాదు, పదో తరగతిలో, ఇంటరులో, డిగ్రీలో. మెట్టు ఎక్కిన కొద్దీ మన పిల్లలు పలచబడతారు.

ఇంకొక అపోహ ఉంది. ముస్లిం పిల్లలంతా మదర్సాలకే పోతారని. బడి వయసు పిల్లలలో మదర్సాలకు పోయేవారు నూటికి నలుగురు మించరని అదే కమిటీ చెప్పింది. మిగతావారి సంగతి విద్యాశాఖ చేతిలోనిదే.

లెక్క తీసే పద్ధతిలోనూ లోటు ఉండేది. చాలా ఏళ్లు బడి లెక్కలకు సెప్టెంబరు 30వ తేదీ గురుతు. ఆనాడు రిజిస్టరులో పేరుంటే పిల్లవాడు చదువుతున్నట్టే. వాడు జనవరిలో మెకానిక్ షెడ్డుకు పోయినా, పెళ్లిళ్ల సీజనులో క్యాటరింగ్ పనికి కుదిరినా ఆ సంవత్సరపు అంకె చెదరదు. ఇటీవల 2022–23 నుండి ఒక్కొక్క విద్యార్థి వివరం విడిగా నమోదు చేస్తున్నారు. ఇది మంచి మార్పు. కాని నమోదు చేసినంత మాత్రాన పిల్లవాడు తిరిగి రాడు. వెతికి తెచ్చేవాడు కావాలి.

ఉర్దూ మీడియం కథ

ఉర్దూ మీడియం బడులది మరొక చిక్కు. రోస్టరు ప్రకారం కొన్ని పోస్టులు ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు కేటాయిస్తారు. రిజర్వేషన్ న్యాయమైనదే, దానితో మనకు పేచీ లేదు. కాని ఉర్దూలో చదివిన అభ్యర్థులు ఆ వర్గాలలో దొరకక పోస్టులు ఖాళీగా ఉండిపోతున్నవి. కాగితం మీద పోస్టు ఉంది, తరగతిలో టీచరు లేడు. మంజూరైన పోస్టులు లెక్కించే కొలబద్ద ఇక్కడ అబద్ధం చెబుతుంది.

2017లో తెలంగాణ అంతటా ఉర్దూ రెండవ అధికార భాష అయింది. 2016 నుండి మైనారిటీ గురుకులాలు వచ్చి 204కు చేరినవి. ఆడపిల్లలకు వసతితో చదువు దొరికింది. ఇది చిన్న విషయం కాదు. అయితే అవి ఇంగ్లీషు మీడియం. 2022–23 నుండి ప్రభుత్వ బడులలో కూడ ఇంగ్లీషు మీడియం వచ్చింది. తల్లిదండ్రులు కోరుతున్నది అదే. వారిని తప్పు పట్టలేము. అమీర్‌పేట చౌరస్తాలో, మైత్రీవనం చుట్టూ కంప్యూటరు కోచింగుల బోర్డులు చూస్తే ఇంగ్లీషు అవసరం ఎవరికైనా తెలుస్తుంది. ఊళ్ల నుండి తెలుగు పిల్లలు వచ్చి, హాస్టళ్లలో ఉండి, నేర్చుకుని పోతున్నారు. ఆ మెట్ల కింద టీ కొట్టులో గ్లాసులు కడిగే పిల్లవాడు ఎవరు, వాడు ఎన్నో తరగతిలో ఆగిపోయాడు అని అడిగే కొలబద్ద మాత్రం ఏ శాఖ దగ్గరా కనపడదు.

కావలసిన కొలబద్ద

చరిత్ర చెప్పిన దాన్నిబట్టి నాలుగు ప్రశ్నలు చాలు. ఒకటి, ఒకటో తరగతిలో చేరిన నూరుమందిలో పదో తరగతి దాటినవారు ఎందరు? రెండు, వారిలో ఆడపిల్లలు ఎందరు? మూడు, పిల్లవాడు ఇంట్లో మాట్లాడే భాషలో చదివి అర్థం చెప్పగలడా, ఆ పైన ఇంగ్లీషు వచ్చిందా? నాలుగు, బడి మానినవాడి ఇంటికి ఎవరైనా పోయారా?

ఈ నాలుగింటికి జవాబు సర్కారు ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. మన సొసైటీ ఏటా పుస్తకాలు, ఫీజులు, బహుమతులు ఇస్తున్నది. సంతోషం. దానితోపాటు అమీర్‌పేట, పంజాగుట్ట గల్లీలలో ఇంటింటికీ పోయి, ఆరు నుండి పదహారేళ్ల పిల్లల పేర్లు ఒక రిజిస్టరులో రాసుకుంటే ఎంత బాగుంటుంది! ముస్లిం పిల్లలే కాదు, పక్కింటి హిందూ, క్రైస్తవ పిల్లల పేర్లు కూడ అందులో ఉండాలి. జూన్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి ఆ పేర్లు చదవాలి. పలకని పేరు దగ్గర ఆగాలి. ఆ ఇంటి తలుపు తట్టాలి.

వచ్చే ఏటి సావనీర్‌లో ఎన్ని నోటు పుస్తకాలు పంచామో రాయండి. దాని పక్కనే ఎంతమంది పిల్లలు తిరిగి బడికి వచ్చారో కూడ రాయండి. అప్పుడు విద్యాశాఖ అధికారి ముందు కూర్చుని, మా లెక్క ఇది, మీ లెక్క ఏది అని అడిగే హక్కు మనకు వస్తుంది.