కాల్‌షీట్ లేని కృష్ణానగర్

మిగతా హైదరాబాద్ కంటే కృష్ణానగర్‌కు ముందే తెల్లవారుతుంది. ఐదు కొట్టకముందే మెయిన్ రోడ్డు మీద సినిమా బస్సులు, ప్రొడక్షన్ వ్యాన్లు వచ్చి ఆగుతాయి. లైట్‌మెన్, మేకప్ అసిస్టెంట్లు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు, ఎప్పటికైనా డైరెక్టర్ అవుదామని వచ్చి పదేళ్లుగా అసిస్టెంట్లుగానే ఉన్నవాళ్లు, అందరూ ఒకే బండి దగ్గర టీ తాగి ఎక్కేస్తారు. సాయంత్రం బేటా, అంటే ఆ రోజు భత్యం, చేతికొస్తే మెస్సుకు కొంత, గదికి కొంత పోతుంది. మా ఊరి ఆర్థికశాస్త్రం అంతే. ఊరంటే నవ్వుతారేమో, ఇది జూబ్లీహిల్స్‌కూ యూసఫ్‌గూడకూ మధ్య పల్లంలో ఉన్న బస్తీ. గట్టి వాన పడితే పైనున్న రోడ్ల నీళ్లన్నీ మా వీధుల్లోకే దిగుతాయి. కానీ సినిమా పని కోసం పాలకొల్లు నుంచి, ఖమ్మం నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్లు దీన్ని ఊరిలాగే వాడుకుంటారు.

ఇక్కడే ఎందుకు చేరారంటే కారణం చాలా సాదాసీదాది. అమీర్‌పేట వైపు సారథి స్టూడియో, బంజారాహిల్స్ వైపు అన్నపూర్ణ, గుట్ట మీద ఫిల్మ్‌నగర్. మద్రాసు నుంచి తెలుగు సినిమా మెల్లగా ఇటు కదిలినప్పుడు, ఈ మూడింటికీ దగ్గరగా, తక్కువ అద్దెకు గది దొరికే చోటు ఇదే. అరవై గజాల జాగాల్లో మూడు నాలుగు అంతస్తులు లేచాయి. ఒక్కో గదిలో ముగ్గురు నలుగురు. గదిలో పొయ్యి ఉండదు. మెస్సు, కర్రీ పాయింట్, ఇడ్లీ బండి, ఇవే వంటిల్లు. 2020లో ఏం జరిగిందో అర్థం కావాలంటే ఈ పొయ్యి లేని గదుల సంగతి గుర్తుపెట్టుకోవాలి.

తెలంగాణలో తొలి కరోనా కేసు మార్చి 2న బయటపడింది. కరోనా రోగులను చేర్చిన గాంధీ ఆస్పత్రి పేరు అందరి నోళ్లలో నానడం మొదలైంది. నెల మధ్యకొచ్చేసరికి ప్రభుత్వం థియేటర్లు, మాల్స్ మూయించింది. ఆ వెంటనే సినిమా పెద్దలు కూర్చుని 16వ తేదీ నుంచి షూటింగులు ఆపేయాలని తీర్మానించారు. దేశమంతా లాక్‌డౌన్ మార్చి 25న మొదలైందని పుస్తకాల్లో రాసుకుంటాం. మాకు తొమ్మిది రోజుల ముందే మొదలైంది. 22న జనతా కర్ఫ్యూ నాడు సాయంత్రం ఐదింటికి నగరమంతా డాబాల మీదకెక్కి చప్పట్లు కొట్టే వేళకే, ఇక్కడ చాలామంది జేబులు ఖాళీ. ఆ రాత్రే రాష్ట్ర ప్రభుత్వం నెలాఖరు దాకా లాక్‌డౌన్ ప్రకటించింది. బస్సులు, మెట్రో, ఎంఎంటీఎస్ అన్నీ ఆగిపోయాయి.

25వ తేదీ ఉగాది. ఆ రోజు అమీర్‌పేట, ఎస్సార్‌నగర్ హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. కోచింగ్ పిల్లలు, చిన్న ఉద్యోగాలవాళ్లు సొంతూళ్లకు వెళ్లే పాసుల కోసం పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. దూరం పాటించమని చెప్పే రోజుల్లో ఒకరి వీపు మీద ఒకరు నిలబడ్డారు. పాసులు ఇచ్చారు కూడా. తీరా బండ్ల మీద, కార్లలో విజయవాడ హైవే పట్టి వెళ్తే గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆంధ్ర పోలీసులు ఆపేశారు. క్వారంటైన్‌కు ఒప్పుకుంటేనే లోపలికన్నారు. రాత్రి దాకా వేలమంది రోడ్డు మీదే. ఆ తర్వాత హాస్టళ్లు మూయవద్దని అప్పటి మంత్రి కేటీఆర్ ఆదేశించారు, పాసులు చెల్లవని పోలీసులు అన్నారు. మా వీధి నుంచి వెళ్లినవాళ్లలో కొందరు ఊరు చేరారు, కొందరు తిరిగొచ్చి అదే గది తలుపు తట్టారు. ఓనర్లు కొందరు తీశారు, కొందరు తీయలేదు.

అక్కణ్నుంచి రెండు నెలలు ఎవరు ఎలా నెట్టుకొచ్చారన్నది, నేను చూసినంతలో, వాళ్ల దగ్గర ఏ కార్డు ఉందన్నదాని మీద ఆధారపడింది.

రేషన్ కార్డు ఉన్నవాళ్లకు మనిషికి పన్నెండు కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు వచ్చాయి. ఇది మంచి సాయమే. అప్పట్లో రాష్ట్రంలో 87 లక్షలకు పైగా కార్డులుండేవి. పక్కనున్న కార్మికనగర్, రహ్మత్‌నగర్‌లలో స్థిరపడ్డ కుటుంబాలు దీని మీదే బతికాయి. వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన కూలీలకు కార్డు లేకున్నా పన్నెండు కిలోల బియ్యం, 500 రూపాయలు ఇస్తామన్నారు. మరి రాజమండ్రి నుంచి వచ్చి గదిలో ఉంటున్న అసిస్టెంట్ రైటర్ ఎవరు? స్థానికుడు కాడు. వలస కూలీ అంటే ఒప్పుకోడు, ఎవరూ అతన్ని అలా లెక్కించనూ లేదు. అతని కార్డు ఊళ్లో అమ్మ దగ్గర ఉంది. అక్కడి బియ్యం అక్కడే అందాయి. ఇక్కడ ఒకవేళ ఎవరైనా బియ్యం ఇచ్చినా, వండుకోవడానికి ఏముంది? ఆ ఏప్రిల్‌లో మా వీధిలో ఎక్కువగా చేతులు మారిన వస్తువు ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్. ఒక గదిలో ఉడికాక పై అంతస్తుకు వెళ్లేది, అక్కడి నుంచి ఎదురింటికి.

రెండోది యూనియన్ కార్డు. చిరంజీవి ఆధ్వర్యంలో కరోనా క్రైసిస్ చారిటీ ఏర్పడింది. హీరోలు, నిర్మాతలు విరాళాలిచ్చారు. తమ్మారెడ్డి భరద్వాజ, ఎన్. శంకర్ లాంటివాళ్లు పంపిణీ చూసుకున్నారు. సినిమా కార్మికుల ఇళ్లకు బియ్యం, పప్పు, నూనె, ఉప్పు, చింతపండు మూటలుగా వచ్చాయి. ఆ మూటలు లేకపోతే సినిమా యూనియన్ల ఇరవై నాలుగు క్రాఫ్టుల్లో ఆకలి కేకలు వినాల్సొచ్చేది, సందేహం లేదు. అయితే యూనియన్ జాబితాను పట్టుకుని వెళ్లే సాయం జాబితాలో లేనివాణ్ని దాటిపోతుంది. కృష్ణానగర్‌లో అలాంటివాళ్లే ఎక్కువ. సభ్యత్వం కట్టలేనివాళ్లు, కార్డు వచ్చేదాకా ఏజెంటు పిలిస్తే వెళ్లేవాళ్లు, ఒక షార్ట్ ఫిలిం తీసి ఆఫీసుల చుట్టూ తిరిగేవాళ్లు.

ఏ కార్డూ లేనివాళ్లను నిలబెట్టింది కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. దీని గురించి ఎవరూ రాయలేదు కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా కర్ఫ్యూ, సరుకులకు మూడు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదు. అంటే వీధి కొట్టే సూపర్ మార్కెట్టు. హోల్‌సేల్ వాడు చేతిలో డబ్బు పెట్టనిదే సరుకు దింపనంటున్న రోజుల్లో, మా వీధి చివరి కొట్టాయన అరువు ఇస్తూ పోయాడు. తెలిసినవాడికి బ్రెడ్డు, గుడ్లు, మ్యాగీ. తెలియనివాడికి తెలిసినవాడి పూచీ మీద. సిగరెట్లు మాత్రం అరువు లేదని బోర్డు పెట్టాడు. ఆ కట్టుబాటు వారం కూడా నిలవలేదులెండి. మెస్సు నడిపే ఆంటీ షట్టర్ సగం దించి, కిందనుంచి పార్శిళ్లు అందించేది. పోలీసు బండి చప్పుడు వినపడితే షట్టర్ పూర్తిగా కిందికి. జీహెచ్ఎంసీ అయిదు రూపాయల అన్నపూర్ణ భోజనం ఆ రోజుల్లో ఉచితంగా పెట్టారు. మొదట్లో సిగ్గుపడి రుమాలు కట్టుకుని వెళ్లినవాళ్లకు, తర్వాత మాస్కే ఆ పని చేసిపెట్టింది.

కొందరు స్విగ్గీ, జొమాటో బండ్లెక్కి పూట గడుపుకున్నారు. ఏప్రిల్ 20 నుంచి ప్రభుత్వం వాటినీ ఆపేసింది. కాస్ట్యూమ్స్ కుట్టే టైలర్ ఒకాయన హీరోయిన్ లంగా ఓణీకి కొన్న కాటన్ గుడ్డతో మాస్కులు కుట్టి అమ్మాడు. తోపుడు బండి మీద కూరగాయలు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

అద్దె విషయంలో ప్రభుత్వం మూడు నెలలు వసూలు చేయొద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోమని ఏప్రిల్‌లో ఉత్తర్వు ఇచ్చింది. కాగితం మీద బాగుంది. మా దగ్గర ఓనర్లు కూడా గొప్పవాళ్లేం కాదు. చాలామందికి ఆ నాలుగంతస్తుల అద్దే జీతం, దానిలోంచే బ్యాంకు వాయిదా. కాబట్టి ఉత్తర్వును చూపించి గెలిచినవాణ్ని నేను చూడలేదు; కూర్చుని మాట్లాడుకుని సగానికి తెగ్గొట్టుకున్నవాళ్లను చూశాను, అడ్వాన్సులో మినహాయించుకున్నవాళ్లను చూశాను, రాత్రికి రాత్రి సంచి సర్దుకుని వెళ్లిపోయినవాళ్లనూ చూశాను.

మే 1 తెల్లవారుజామున లింగంపల్లి స్టేషన్ నుంచి జార్ఖండ్‌లోని హటియాకు, వలస కూలీలను ఊళ్లకు చేర్చే శ్రామిక్ రైళ్లలో దేశంలోనే తొలిది కదిలింది. దాదాపు 1200 మంది, చాలామంది కంది ఐఐటీ నిర్మాణంలో పనిచేసినవాళ్లు. రెండు రోజుల ముందే వాళ్లు జీతాల కోసం, ఇంటికి పంపమని రోడ్డెక్కారు. అదే వారంలో ‘అమృతరామమ్’ అనే సినిమా థియేటర్ మొహం చూడకుండా నేరుగా ఫోన్లలో విడుదలైంది. మా గదుల్లో ఈ రెండు వార్తల్లో రెండోదాని గురించే ఎక్కువ చర్చ జరిగింది. థియేటరే లేకపోతే మన పని ఏంటని.

జూన్‌లో షూటింగులకు అనుమతి వచ్చింది, తక్కువ మందితో చేసుకోవాలన్న షరతు మీద. తక్కువ మంది అంటే ముందు తగ్గేది జూనియర్ ఆర్టిస్టులే. పెళ్లి సీను పదిమందితో తీశారు, సంత సీను స్క్రిప్టులోంచే లేచిపోయింది. సీరియళ్లు ముందు మొదలయ్యాయి, పెద్ద హీరోలు చాలా నెలలు బయటికి రాలేదు. పిలుపు వచ్చినవాళ్లకు ఇంకో చిక్కు: మెట్రో సెప్టెంబర్ 7న గానీ, సిటీ బస్సులు ఆ నెల 25న గానీ తిరగలేదు; ఎంఎంటీఎస్ అయితే మరుసటి ఏడాది జూన్ దాకా రాలేదు. బోరబండ నుంచో మూసాపేట నుంచో లొకేషన్‌కు ఆటోలో వెళ్లొస్తే బేటాలో సగం ఆటోవాడికే. థియేటర్లు డిసెంబర్ 4న తెరిచినప్పుడు ‘టెనెట్’ ఆడింది. కొత్త తెలుగు సినిమా వచ్చింది క్రిస్మస్‌కు, ‘సోలో బ్రతుకే సో బెటర్’. ఆ వారం కొట్టాయన పాత ఖాతా పుస్తకం తీసి బాకీలు అడగడం మొదలుపెట్టాడు. ఊళ్లకు వెళ్లిపోయినవాళ్లలో కొందరు ఫోన్‌పేలో పంపారు.