కిలోవాట్ల లెక్క, దేహం లెక్క: వైద్య పరీక్ష గదుల విద్యుత్ నిబంధనల చరిత్ర

ప్రధానంగా పాత వరంగల్ జిల్లా నుంచి విడివడి 2016 అక్టోబర్ 11న జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి జిల్లాలు ఏర్పడ్డాయి. మహబూబాబాద్‌లో 2022లోనూ, తక్కిన రెండు చోట్ల 2023లోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. ఇటువంటి జిల్లా కేంద్రాల్లో ఆఫీసుకని కట్టిన గది డాక్టరు పరీక్ష గదిగా మారినప్పుడు బోర్డు మారుతుంది, పరదా, మంచం వస్తాయి, గోడలోని వైరింగ్ మాత్రం చాలాసార్లు పాతదే మిగులుతుంది. అది చాలదని విద్యుత్ నిబంధనలు గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది.

1910 నాటి భారత విద్యుత్ చట్టం కింద 1956లో వచ్చిన నియమాలు ఎర్తింగును, అంటే పరికరాల లోహపు తొడుగును భూమికి కలపడాన్ని, తప్పనిసరి చేశాయి. ఆ తర్వాత చేర్చిన 61-ఎ నియమం లీకైన కరెంటును పసిగట్టి సరఫరాను తెంచే పరికరాన్ని కోరింది గానీ, 5 కిలోవాట్ల లోపు చిన్న కనెక్షన్లను వదిలిపెట్టింది. రైస్ మిల్లుకు ఈ కొలత సబబే; అయితే సీలింగ్ ఫ్యానుకు మించి కరెంటు తినని ఇ.సి.జి. యంత్రం విషయంలో ప్రమాదం లోడును బట్టి ఉండదు. జెల్లు పూసి ఎలక్ట్రోడ్లు అంటించినప్పుడు పొడి చర్మం సహజంగా ఇచ్చే నిరోధం బాగా తగ్గిపోతుంది, పైగా పడుకుని ఉన్న రోగి చేయి వెనక్కి లాక్కోలేకపోవచ్చు.

అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ 2002లో వెలువరించిన ప్రమాణం అందుకే గదిని కిలోవాట్లతో కాక, రోగి దేహానికి పరికరం ఎంత దగ్గరవుతుందన్న దానితో కొలిచింది. పరికరపు భాగమేదీ దేహానికి తగిలించని గది సున్నా వర్గం, ఇ.సి.జి. వంటివి తగిలించే పరీక్ష గది ఒకటో వర్గం. కరెంటు పోతే ప్రాణం మీదికి వచ్చే ఆపరేషన్ థియేటర్ రెండో వర్గం. మామూలు గదుల్లో 50 వోల్టులుగా ఉన్న తాకుడు వోల్టేజీ హద్దు ఒకటి, రెండు వర్గాల్లో 25కు తగ్గుతుంది. ఒకటో వర్గంలో ఫేజులో వెళ్లే కరెంటుకూ న్యూట్రల్‌లో తిరిగివచ్చే కరెంటుకూ తేడా 30 మిల్లీయాంపియర్లకు చేరేలోపే సరఫరా తెగాలి. రోగి చుట్టూ ఉన్న పైపులు, చట్రాల వంటి లోహ భాగాలన్నిటినీ ఒకే ఎర్తు బిందువుకు కలపాలి. 1,100 మెగావాట్ల చెల్పూరు థర్మల్ కేంద్రానికి పొరుగున ఉన్న భూపాలపల్లిలోనూ పరీక్ష గదిలో చూడవలసింది ఈ మిల్లీయాంపియర్లనే.

భారత ప్రమాణాల సంస్థ 1985లో తెచ్చిన జాతీయ విద్యుత్ కోడ్ వైద్య కట్టడాలను విడిగా పట్టించుకుంది గానీ, అది మార్గదర్శకం మాత్రమే. చట్టబలం ఉన్నవి 2003 విద్యుత్ చట్టం కింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో చేసి, 2023లో తిరగరాసిన భద్రతా నిబంధనలు.

ఈ రక్షణలు ఎర్తు మీద ఆధారపడతాయి కాబట్టి గది మార్పులో ముందు చూడవలసింది స్విచ్‌బోర్డును కాదు, బొగ్గూ ఉప్పూ నింపిన పాత ఎర్తు గుంతను. వేసవిలో నీళ్లు పోయక అది ఎండితే నిరోధం పెరిగి లీకేజీకి దారి దొరకదు. అప్పుడు లీకేజీని పసిగట్టేందుకు కొత్తగా బిగించిన పరికరం కూడా, ఎవరో ఒకరు లీకవుతున్న యంత్రపు లోహపు తొడుగును తాకేదాకా సరఫరాను తెంచకపోవచ్చు.